టైం ఆఫీసు గుమస్తా, టైం కాంప్లెక్సిటీ

పరీక్ష పేపర్లో ఐదో ప్రశ్న ఇది: "టైం కాంప్లెక్సిటీ అంటే ఏమిటి? ఉదాహరణతో వివరించండి." మిగతా ప్రశ్నలకు తల గోక్కున్న నేను, దీనికి మాత్రం రెండున్నర పేజీలు రాసిపారేశాను. మొదటి షిఫ్టు వాళ్ళు ఆలస్యంగా వస్తే మస్టరు వేయాలా వద్దా, పండుగ మర్నాడు నాగాలు ఎందుకు పెరుగుతాయి, షిఫ్టు ముగియకముందే గడియారం ముల్లు ముందుకు తిప్పే ఘనులను ఎలా పట్టుకోవాలి, ఇలా అన్నీ రాశాను. ఉదాహరణ అడిగారు కదా అని ముగ్గురు మనుషుల బాగోతం కూడా పేర్లు తీసేసి జోడించాను.

తప్పు నాది కాదు. అప్పటికి ఏడేళ్లుగా నేను బొగ్గు బాయి మీద టైం ఆఫీసులో గుమస్తాను. కార్మికుల హాజరు రాయడం నా పని. మాకు టైం అంటే టైం ఆఫీసు, కాంప్లెక్సిటీ అంటే అందులో రోజూ పడే గొడవ. హైదరాబాద్‌లో మూడు వారాల కంప్యూటర్ శిక్షణలో పాఠం చెప్పినాయన మధ్యాహ్నం భోజనం తర్వాత ఏదో చెప్పాడు, "ఆర్డర్ ఎన్ స్క్వేర్" అన్న మాట చెవిన పడింది. ఏదో హెడ్డాఫీసు ఆర్డర్ కాబోలు అనుకుని కునుకు కొనసాగించాను. పేపరు దిద్దినాయన నా జవాబు కింద ఎర్ర సిరాతో, "చాలా బాగుంది. కానీ ఇది వేరే సబ్జెక్టు" అని రాసి పదికి ఆరు వేశాడు. ఆ ఆరూ చేతిరాతకే అయి ఉంటాయి.

ఇప్పుడు రిటైరై కరీంనగర్‌లో ఉంటున్నాను. మా వీధి చివర చాయ్ బండి దగ్గర కంప్యూటర్ ఉద్యోగాల ఇంటర్వ్యూలకు చదువుకునే పిల్లలు నిలబడి, ఎవడో ప్రోగ్రాంలో లూపులో లూపు పెట్టి ఎన్ స్క్వేర్ రాశాడని పగలబడి నవ్వుతుంటారు. పిల్లలూ, దాన్ని అంత తీసిపారేయకండి. ఒకప్పుడు అదే ఎన్ స్క్వేర్ నాకు పద్నాలుగు నెలలు అండగా నిలబడింది. ఆ పద్నాలుగు నెలలకు నేను గర్వపడాలో సిగ్గుపడాలో మాత్రం ఇప్పటికీ తేలలేదు. విని మీరే చెప్పండి.

మా దిక్కు బొగ్గు గనిని బాయి అంటారు. మా బాయి మంచిర్యాల అవతల ఉండేది. షిఫ్టుకు తొమ్మిది వందల మంది దిగేవాళ్ళు. దిగే ముందు ప్రతి మనిషీ లైటు రూం కిటికీ దగ్గర తన నంబరు చెక్కిన ఇత్తడి బిల్ల ఇచ్చి, టోపీకి పెట్టుకునే లైటు తీసుకోవాలి. లోపల గోడకు ఒక పెద్ద చెక్క బోర్డు. దానికి వరుసగా మొలలు, ఒక్కో మొల కింద ఒక్కో నంబరు. ఇచ్చిన బిల్లను ఆ నంబరు మొలకు తగిలిస్తారు. మనిషి పైకి వచ్చి లైటు అప్పజెప్పగానే బిల్ల తీసి ఇచ్చేస్తారు. బోర్డు మీద బిల్ల మిగిలి ఉందంటే మనిషి ఇంకా భూమి లోపల ఉన్నట్టు. బాయి మీద ఇంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి లేదు.

ఆ బోర్డును చూసుకునే ముసలాయనను అందరం కాకా అని పిలిచేవాళ్ళం. ఖానాపూర్ పక్కన పల్లె ఆయనది. అప్పటికి ఇరవై ఏళ్ళ కింద లోపల పైకప్పు నుంచి బొగ్గు పెళ్ల ఎడమ మోకాలి మీద పడింది. అప్పటి నుంచి ఆ కాలు వంగదు. అందుకే బాయి మీద తేలిక పని ఇచ్చి ఈ కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. కాలు వంగకపోయినా నాలుక మాత్రం ఎటు కావాలంటే అటు వంగేది. ఆలస్యంగా వచ్చిన వాడికి లైటు ఇస్తూ, "ఏం బిడ్డా, అత్తగారింటికెళ్లి డైరెక్టుగా వస్తున్నవా?" అనేవాడు. నిజంగానే అత్తగారింటి నుంచి వచ్చినవాళ్ళు కంగు తినేవాళ్ళు.

ఇంతలో మా బాయికి కంప్యూటర్ వచ్చింది. దానికి ఒక గది, గదికి ఏసీ, ఏసీకి ఒక కర్టెన్. గది బయట చెప్పులు విడవాలని బోర్డు. దీనంతటికీ కారకుడు మా ఇంజినీరు సాబ్. కృష్ణా జిల్లా ఆయన, నలభై ఏళ్ళు ఉంటాయి. మంచివాడే గానీ కంప్యూటర్ అంటే పిచ్చి. దాని మీద దుమ్ము పడితే తన జేబురుమాలుతో తుడిచేవాడు, ఆ జేబురుమాలుతోనే మొహం కూడా. టైపు వచ్చిన మనిషి నేనొక్కణ్ణే కాబట్టి నన్ను శిక్షణకు పంపించాడు. తిరిగి వచ్చాక పని అప్పజెప్పాడు.

"చూడవయ్యా, దిగినవాళ్ళ నంబర్లు ఒక జాబితా, పైకి వచ్చినవాళ్ళ నంబర్లు ఒక జాబితా. రెండూ పోల్చి లోపల ఎవరున్నారో కంప్యూటర్ చెప్పాలి. ఇంకా మొలలేంటి, బిల్లలేంటి!"

ఇంత సులువా అనుకున్నాను. దిగిన జాబితాలో మొదటి నంబరు తీసుకో. వచ్చిన జాబితాలో మొదటి నుంచి వెతుకు. దొరికితే సరే, దొరక్కపోతే మనిషి లోపల ఉన్నట్టు. తర్వాత రెండో నంబరు తీసుకో, మళ్ళీ మొదటి నుంచి వెతుకు. ఇరవై నంబర్లు పెట్టి మీట నొక్కితే సెకనులో జవాబు వచ్చింది. ఇంజినీరు సాబ్ నా భుజం తట్టాడు. ఆ సాయంత్రం ఇంటికి పోతూ నేను కొంచెం ఛాతీ విరుచుకుని నడిచిన మాట నిజం.

నాలుగు రోజుల తర్వాత మేనేజర్ ముందు పరీక్ష. మొదటి షిఫ్టు మూడు గంటలకు అయిపోతుంది, మూడున్నరకల్లా దాదాపు అందరూ పైకి వస్తారు. సరిగ్గా మూడున్నరకు మీట నొక్కాను. "వెతుకుతున్నది, దయచేసి ఆగండి" అని తెర మీద వచ్చింది. మేనేజర్ ఆగాడు. చాయ్ వచ్చింది, తాగాడు. ఏసీ చలికి తుమ్మాడు. మేజోళ్ళతో ఉన్న కాళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నాడు. ఇంజినీరు సాబ్ నా వైపు చూశాడు, నేను తెర వైపు చూశాను, తెర ఎవరి వైపూ చూడలేదు. ఇరవై రెండు నిమిషాల తర్వాత పంతొమ్మిది నంబర్లు అచ్చయి బయటికి వచ్చాయి.

ఆ పంతొమ్మిది మందిలో ఒకాయన ఈ ఇరవై రెండు నిమిషాల్లోనే పైకి వచ్చి, స్నానం చేసి, తల దువ్వుకుని, మా కిటికీ సందు నుంచి వచ్చే చల్లగాలికి మొహం పెట్టి బయట నిలబడి ఉన్నాడు. మేనేజర్ వేలితో చూపించాడు. "మీ లెక్క ప్రకారం ఈయన భూమి లోపల ఉన్నాడు. పైకి తీసుకురండి."

కాకాను పిలిపించారు. ఆయన గడప అవతలే నిలబడి, బోర్డు వైపు ఒకసారి తిరిగి చూసి వచ్చిన మనిషి కాబట్టి ఆలోచించకుండా చెప్పాడు. "ముగ్గురున్నరు సార్ లోపల. ఇద్దరు పంపు కాడ, ఇంకొకాయన సర్దారు, అందర్ని పంపినంకనే పైకొస్తడు. గాయిన వచ్చేవరకు ఇంక పది నిమిషాలైతది." తర్వాత మెడ చాచి గదిలోకి తొంగి చూసి, "మీ డబ్బ ఇంక ఎతుకుతనే ఉన్నదా, పాపం?" అన్నాడు.

మేనేజర్ వెళ్ళిపోయాక ఇంజినీరు సాబ్ కోప్పడలేదు, వేళ్ళ మీద లెక్క వేశాడు. "ఇరవై మందికి సెకను పట్టింది. తొమ్మిది వందలంటే నలభై ఐదు రెట్లు. నలభై ఐదు సెకన్లు పట్టాలి కదయ్యా! ఇరవై రెండు నిమిషాలెందుకు?" ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. యంత్రం వేడెక్కి ఉంటుందని ఏసీ ఇంకొంచెం పెంచాం.

మర్నాడు మధ్యాహ్నం కాకా నన్ను లైటు రూంకు పిలిచాడు. ఓదారుస్తాడేమో అనుకున్నాను.

"తమ్మీ, జర చెప్పు. నీ డబ్బ ఎట్ల ఎతుకుతది?"

చెప్పాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఆగాగు. రెండో నంబరుకు మల్ల మొదటికెళ్లా?"

"అవును కాకా."

"మూడో దానికి సుత?"

"ప్రతిదానికీ."

ఆయన నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది, నీళ్ళు తాగి మళ్ళీ నవ్వాడు. "గట్ల నేను చేస్తే బాయి మీద ఉండనిస్తరా నన్ను? కూసో. ఇయ్యాల నువ్వే డబ్బవు."

బల్ల మీద పది బిల్లలు ఒక వరుసగా పరిచాడు. అవే నంబర్లు నాతో చీటీల మీద రాయించి, కలిపేసి, ఇంకో వరుసగా పెట్టాడు. నేను ఒక్కో బిల్లకు చీటీల వరుస మొదటి నుంచి ఒక్కో చీటీ ముట్టుకుంటూ నంబరు దొరికేదాకా పోవాలి. ముట్టుకున్నప్పుడల్లా ఆయన తలుపు మీద సుద్దతో ఒక గీత గీస్తాడు. పది బిల్లలూ అయ్యేసరికి తలుపు మీద యాభై ఐదు గీతలు పడ్డాయి.

"ఇప్పుడు ఇరవై," అన్నాడు.

రెట్టింపు కదా, నూటపది వస్తాయి అన్నాను. ఆయన సుద్ద అందుకున్నాడు. మొదలుపెట్టాను. నూటపది దాటింది. నూటయాభై దాటింది. లైటు కోసం వచ్చిన ఇద్దరు కార్మికులు కిటికీ దగ్గర నిలబడి, చదువుకున్న గుమస్తా చీటీలు ముట్టుకుంటూ కూర్చోవడం చూసి నాకు ఏమైందని కాకాను సైగతో అడిగారు. ఆయన తల దగ్గర వేలు తిప్పి చూపించాడు. తలుపు నిండిపోయి గీతలు గోడ మీదికి పోయాయి. చివరికి లెక్కపెడితే రెండు వందల పది.

"చూసినవా?" అన్నాడు సుద్ద చేతులు దులుపుకుంటూ. "బిల్లలు రెండింతలైనయ్. నీ తిప్పలు నాలుగింతలైనయ్. ఎందుకో ఎరుకేనా? ఎతికే బిల్లలు రెండింతలు, ఎతికే వరుస సుత రెండింతలు. రెండు దిక్కుల పెరిగె. మరి తొమ్మిది వందలైతె పెరగదా?"

నాకు ఒళ్ళు జలదరించింది. నిజంగా జలదరించింది, ఏసీ గది కాదది. హైదరాబాద్‌లో నేను నిద్రపోయిన పాఠం ఇదే. ఎన్ స్క్వేర్ అంటే ఇదే, మనుషులు ఎన్ని రెట్లయితే పని అన్ని రెట్లకు అన్ని రెట్లు. అందులో ఆర్డర్ అన్నది ఏ సాబూ సంతకం పెట్టిన ఆర్డర్ కాదు, పని ఏ తీరున పెరుగుతుందో చెప్పే మాట. చీటీ మీద లెక్క వేశాను. తొమ్మిది వందల మందికి నాలుగు లక్షల పైచిలుకు గీతలు. మా కంప్యూటర్ సెకనుకు మూడు వందల గీతలు గీస్తుందనుకుంటే ఇరవై రెండు నిమిషాలు. యంత్రం వేడెక్కలేదు, దాని పాపం అది నేను చెప్పినట్టే చేసింది.

"మరి నువ్వెట్ల చేస్తవ్ కాకా?"

"నేనసలు ఎతుకుతనా? నంబరే జాగ చెప్తది. రెండు వందల నలభై బిల్ల వచ్చిందంటె చెయ్యి సక్కగ రెండు వందల నలభై మొల కాడికి పోతది. పది బిల్లలకు పది సార్లు. ఇరవైకి ఇరవై సార్లు. నీ డబ్బల మొలలు కొట్టరాదు?"

కొట్టాను. రెండు రోజుల్లో కొత్త ప్రోగ్రాం రాశాను. కంప్యూటర్ లోపల నంబర్లు వేసిన ఖాళీ గళ్ళు ఒక వరుస. మనిషి దిగితే అతని నంబరు గడిలో ఒకటి పెట్టు, పైకి వస్తే సున్నా పెట్టు. చివరికి ఒకటి ఉన్న గళ్ళు చదువు, అంతే. తొమ్మిది వందల మందికి ఆరు సెకన్లు పట్టింది. గదిలో ఎవరూ లేరు గనుక ఒక్కణ్ణే చప్పట్లు కొట్టుకున్నాను. ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీ జేబులో వేసుకుని, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా ఇంజినీరు సాబ్ గదికి పరుగెత్తాను.

ఆయన లేడు. బల్ల మీద టైపు చేయడానికి నా పేరు రాసి పెట్టిన కాగితం ఒకటి ఉంది. ఆర్డర్లన్నీ నేనే టైపు చేసేవాణ్ణి కాబట్టి తీసి చదివాను. కంప్యూటర్ పద్ధతి అమలులోకి వచ్చిన రోజు నుంచి మొలల బోర్డు తీసివేయాలి, లైటు రూంలో ఒక పోస్టు తగ్గించాలి, ఆ పోస్టులోని కార్మికుణ్ణి బొగ్గు జల్లెడ పట్టే యార్డుకు పంపాలి.

ఆ యార్డు మీరు చూడలేదు. ఇనుప మెట్లు అరవై పైనే ఉంటాయి. పైకి ఎక్కి షిఫ్టంతా నిలబడాలి, దిగేసరికి మొహం ఎవరిదో ఇంట్లో వాళ్ళు కూడా గుర్తుపట్టరు. మోకాలు వంగని మనిషి ఆ మెట్లు ఎలా ఎక్కుతాడు? కాకా రిటైర్ కావడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది. ఆయన నేర్పిన విద్యతోనే ఆయన కుర్చీ లాగేసే పని నా జేబులో ఉంది. 

వెనక్కి వచ్చి ఫ్లాపీని నా సొరుగులో, పాత మస్టరు పుస్తకాల అడుగున పెట్టి తాళం వేశాను. సాయంత్రం ఇంజినీరు సాబ్ అడిగాడు. "ఏమయ్యా, ఏమైనా తేలిందా?"

"లేద్సార్. మనుషులు ఎక్కువ, టైం ఎక్కువ పడుతుంది. అది టైం కాంప్లెక్సిటీ అని ఒక పెద్ద సబ్జెక్టు సార్." ఇందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు, చూసుకోండి.

కాకాకు మాత్రం చెప్పేశాను. కాగితం సంగతి, ఫ్లాపీ సంగతి, ఇంజినీరు సాబ్ కావాలనే ఆయనను తీసేస్తున్నాడన్న సంగతి, అన్నీ. ఆయన చేతిలోని బిల్లను మొలకు తగిలించాడు. తర్వాత, "గా ఇంజినీరుకు నేనేం చేసిన్నని?" అన్నాడు. "ఫికర్ చెయ్యకు కాకా, నేనున్న కదా," అన్నాను. ముప్పై మూడేళ్ల వయసు నాది. తెలివి కొత్తగా వచ్చిన మనిషిని పట్టడం కష్టం.

నాలుగు నెలలు బాగానే గడిచాయి. రోజూ మూడున్నరకు పాత ప్రోగ్రాం మొదలుపెట్టేవాణ్ణి. "ఏమైంది?" అంటే "తిరుగుతుంది సార్" అనేవాణ్ణి. ఆ ఇరవై రెండు నిమిషాల్లో క్యాంటీన్‌కు పోయి మిర్చి బజ్జీలు తిని రావచ్చు. అప్పుడు ఇంజినీరు సాబ్ నా మీద బాంబు వేశాడు.

"నీ కోసం కొత్త కంప్యూటర్ తెప్పిస్తున్నానయ్యా. దీనికి రెండింతల వేగం!"

వచ్చింది. పదకొండు నిమిషాలు. ఆయన మొహం వెలిగిపోయింది. "పదకొండు ఫర్వాలేదు, ఇది చాలు. వచ్చే నెల హెడ్డాఫీసు నుంచి పెద్ద సాబ్ వస్తున్నాడు. ఆయన ముందు చూపించి, ఆర్డర్ మీద సంతకం చేయించేద్దాం."

రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. మూడో రోజు లైటు రూం గోడ మీద ఆ సుద్ద గీతలు కనబడ్డాయి, కాకా తుడవలేదు. బిల్లలు రెండింతలైతే తిప్పలు నాలుగింతలు. యంత్రం వేగం రెండింతలైతే తిప్పలు సగమే తగ్గుతాయి. అయితే మనుషులను రెండింతలు చేస్తే? అక్కడే నిలబడి నవ్వుకున్నాను. నేరుగా ఇంజినీరు సాబ్ దగ్గరికి పోయాను.

"సార్, పెద్ద సాబ్ వస్తున్నారు. మన ఒక్క బాయిది చూపిస్తే ఏం బాగుంటుంది? పాత కంప్యూటర్ పక్క బాయికి ఇద్దాం. వాళ్ళ జాబితాలు ఫ్లాపీలో తెస్తారు. రెండు బాయిలూ కలిపి ఒకేసారి చూపిద్దాం. పద్దెనిమిది వందల మంది!"

ఆయన కుర్చీలోంచి లేచి నాకు చెయ్యి ఇచ్చాడు. "ఇదయ్యా ఆలోచనంటే! అప్పుడు ఎంత పడుతుంది?"

"మనుషులు రెండింతలు సార్," అన్నాను. ఇదీ అబద్ధం కాదు. ఆయనే మనసులో పదకొండును రెండుతో గుణించుకుని ఇరవై రెండు అనుకున్నాడు. నేను ఆయన లెక్కకు అడ్డం పోలేదు.

ఆ రోజు రానే వచ్చింది. పెద్ద సాబ్ మేజోళ్ళతో ఏసీ గదిలో కూర్చున్నాడు. పక్కన మేనేజర్, అటు ఇంజినీరు సాబ్ కొత్త చొక్కాలో. కిటికీ బయట కాకా, లోపలికి రాకుండా నిలబడి ఉన్నాడు. మీట నొక్కాను. ఇరవై నిమిషాలు అయ్యాయి. ఇరవై రెండు అయ్యాయి. ఇంజినీరు సాబ్ గడియారం చూసుకుని, నన్ను చూసి, మళ్ళీ గడియారం చూశాడు. ముప్పై. పెద్ద సాబ్ జీడిపప్పు ప్లేటు ఖాళీ చేసి ప్లేటు మీద పూలు చూస్తున్నాడు. నలభై నిమిషాలకు లేచి నిలబడ్డాడు. నలభై ఐదో నిమిషంలో కాగితం బయటికి వచ్చేసరికి ఆయన జీపు గేటు దాటింది. వెళ్తూ వెళ్తూ కిటికీ దగ్గర కాకాను, "లోపల ఎంతమంది ఉన్నారు?" అని అడిగాడట. కాకా రెండు బాయిల లెక్కా చెప్పాడు. పక్క బాయి లైటు రూం వాడితో ముందే ఫోన్‌లో మాట్లాడి పెట్టుకున్నాడని నాకు తర్వాత తెలిసింది. మొలల బోర్డు ఉంచండి అని పెద్ద సాబ్ నోటితోనే చెప్పిపోయాడు.

ఇంజినీరు సాబ్ ఒక్కడే గదిలో చాలాసేపు కూర్చున్నాడు. నేను బయట గోడకు ఆనుకుని నోరు మూసుకుని నవ్వుతున్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకే బాగుండదు.

పద్నాలుగు నెలలు నిండాయి. కాకా ఆ కిటికీ దగ్గరే, అదే కుర్చీలో రిటైర్ అయ్యాడు. లైటు రూం ముందే సన్మానం చేశాం. ఒక్కొక్కరం దండ వేశాం, కాకా వంగి వేయించుకుని ప్రతివాడినీ ఒక మాట అని నవ్వించాడు. ఇంజినీరు సాబ్ దండ పట్టుకుని ముందుకు వచ్చాడు. కాకా మెడ వంచలేదు. దండ చేతిలోకి తీసుకుని, వెనక్కి తిరిగి, బోర్డు మీద ఒక ఖాళీ మొలకు తగిలించాడు. జనం గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

వారం తర్వాత సొరుగు తాళం తీశాను. ఫ్లాపీ పెట్టి, ఇంజినీరు సాబ్‌ను పిలిచి మీట నొక్కాను. మనుషులు రెండింతలైనా యంత్రం వేగం కూడా రెండింతలే కదా, పద్దెనిమిది వందల మందికి ఆరు సెకన్లు. ఆయన నమ్మలేదు, మళ్ళీ నొక్కమన్నాడు. మళ్ళీ ఆరు.

"ఎలా చేశావయ్యా?"

"లోపల మొలలు కొట్టాను సార్," అన్నాను గర్వంగా.

ఆయన నవ్వుతూ ముందుకు వంగి, ఫ్లాపీలో ఫైళ్ళ జాబితా తెరిచాడు. ఫైలు పక్కన దాన్ని చివరిసారి రాసిన తారీకు ఉంటుందని మీకు తెలుసు. నాకూ తెలుసు, ఆ క్షణం దాకా గుర్తు లేదు. ఆయన తారీకు చదివాడు. నవ్వు పోయింది. వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు. పద్నాలుగు.

నా ఉద్యోగం పోయిందనుకున్నాను. జరిగింది మొత్తం చెప్పేశాను. యార్డు, మెట్లు, మోకాలు, పక్క బాయిని కలపడం, అన్నీ. ఆయన అంతా విని నెమ్మదిగా అడిగాడు.

"ఆ ఆర్డర్‌లో పోస్టు అని రాశాను. అందులో ఎవరున్నారో నేను చూడలేదు, అది నా తప్పు. కానీ నువ్వు చూశావు కదా. సార్, ఆయనకు కాలు వంగదు, మెట్లెక్కలేడు అని ఒక్క మాట నాతో అనలేకపోయావా? అక్కడే చింపేసేవాణ్ణి కదయ్యా."

 పది మందికి ఎన్ని గీతలో, తొమ్మిది వందల మందికి ఎన్ని గీతలో లెక్క వేశాను గానీ, ఆయన గది తలుపు తట్టి ఒక మాట చెప్పడానికి ఎన్ని అడుగులు పడతాయో లెక్క వేయలేదు. అడిగితే కాదంటాడని నాకు నేనే తేల్చేసుకున్నాను. పైగా అడిగితే తెలివి చూపించే అవకాశం పోతుంది. ఇదీ ఒప్పుకోవాలి.

"ఆయన నా దండ ఎందుకు వేయించుకోలేదో వారం నుంచి ఆలోచిస్తున్నాను," అన్నాడు ఆయన. "మా ఆవిడను కూడా అడిగాను, నేను ఎప్పుడైనా పనివాళ్ళతో దురుసుగా మాట్లాడతానా అని."

మర్నాడు పొద్దున్నే జీపులో ఇద్దరం ఖానాపూర్ దారి పట్టాం.  కాకా పొద్దుటి ఎండలో మంచం మీద కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. జీపు చూసి మొహం ముడుచుకున్నాడు. నేను నిలబడే చెప్పాను. ఇంజినీరు సాబ్‌కు ఆ పోస్టులో ఉన్నది కాకా అని తెలియదని, తెలుసుకునే అవకాశం నేనివ్వలేదని, ఆయన గురించి కాకాకు చెప్పినదంతా నా ఊహేనని. 

కాకా నా వైపు చూడలేదు. మంచం మీద కొంచెం జరిగి ఇంజినీరు సాబ్‌కు జాగ ఇచ్చాడు.

"కూసోండ్రి సార్. ఒక మాట చెప్త, కోపం చేయొద్దు. పద్నాలుగు నెలలు మిమ్ముల రోజు తిట్టిన. మొఖం మీద కాదు, ఎనుక. మస్తు తిట్టిన."

"తెలుసండీ," అన్నాడు ఇంజినీరు సాబ్. "మీ కిటికీ, మా ఆఫీసు బాత్రూం కిటికీ ఎదురెదురుగా ఉండేవి. ఎందుకు తిడుతున్నారో మాత్రం వినపడేది కాదు."

 కాకా గబుక్కున లోపలికి తిరిగి, "చాయ్ వెట్టుండ్రి, సార్ వచ్చిండు," అని కేకేశాడు.  తర్వాత వాళ్ళిద్దరూ గంట పైనే మాట్లాడుకున్నారు. మోకాలి గురించి, పత్తి గురించి, కృష్ణా జిల్లాలో ఎండల గురించి. నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. కూర్చోమని ఇద్దరిలో ఎవరూ అనలేదు, నాకు అడగాలనిపించలేదు.